అచ్చెమ్మత్త విస్తట్లో మొదటి ముద్ద

నేను దయ్యాలను నమ్మను. దానికి నా దగ్గర గట్టి కారణమే ఉంది. రాయపూర్ రైల్వే కాలనీలో తిరిగే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. ఔటర్ సిగ్నల్ దగ్గర పట్టాల బిగింపులు చూసే కీమాన్ ఒకడు, తల లేనివాడు, సుత్తి పట్టుకుని పట్టాలు కొట్టుకుంటూ పోతాడని ఒకసారి క్యాంటీన్‌లో కబురు వదిలాను. కొన్నాళ్ళకి వేరే సెక్షన్ ఆయన ఆ కథ నాకే చెప్పాడు. తన కళ్ళతో చూశాడట. కీమాన్ చొక్కా రంగు కూడా చెప్పాడు. చెప్పినందుకు నా చేతే టీ ఇప్పించుకున్నాడు.

కాబట్టి దయ్యం ఎలా తయారవుతుందో, ఎన్ని నోళ్ళలో నలిగితే దానికి కాళ్ళూ చేతులూ వస్తాయో నాకు తెలుసు. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు వెనకాడాను. సన్యాసిరావు రాశాడంటే చాలు, మా కాలనీలో చదవకముందే నవ్వేస్తారు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇందులో భయం లేదు. భయమైతే చెప్పుకోవడానికి బాగుంటుంది, వినేవాళ్ళు దగ్గరికి జరిగి కూర్చుంటారు. ఇందులో ఉన్నది రోత. వినేవాళ్ళు మధ్యలో లేచిపోతారు. మా ఆవిడ పద్మ ఆ నాలుగు రోజులూ పక్కనే ఉన్న మనిషి, ఇప్పటికీ ఈ మాట ఎత్తితే ముక్కు మూసుకుంటుంది.

అచ్చెమ్మత్త మా నాన్నకి చెల్లెలు. ఆమె భర్తని మేమంతా గార్డు మావయ్య అనేవాళ్ళం, గూడ్సు బళ్ళ మీద గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఇద్దరూ విజయనగరం వైపు వాళ్ళే. పెళ్ళయిన కొత్తలో రాయపూర్ వచ్చి, అక్కడే ఉండిపోయారు.

మావయ్య తినడం ఒకసారి చూసినవాడు మరిచిపోడు. అన్నంలో చెయ్యి మణికట్టు దాకా దించి పిసికేవాడు. పులుసు మోచేతి మీదికి కారితే నాలుకతో అందుకునేవాడు. చేప ముళ్ళు నమిలి నమిలి పిప్పి చేసి, విస్తరికి ఎడం పక్కన కుప్పగా ఉమ్మేవాడు. తింటూ తింటూ మధ్యలో ముక్కుపొడుం పట్టు పట్టేవాడు, ఆ తుమ్ము అన్నం మీదే తుమ్మేవాడు. అంతా అయ్యాక ఆ ఆకు అలాగే వదిలి లేచేవాడు.

ఆ ఆకులో అత్త తినేది.

పాతకాలం ఇళ్ళలో అదేం వింత కాదు. మొగుడు తిన్న విస్తట్లో పెళ్ళాం తింటే వీధిలో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఆకు మారిస్తే మావయ్య ఒప్పుకునేవాడు కాదు. అత్త ఆ ముళ్ళ కుప్పని వేలితో పక్కకి తోసి, మిగిలిన చోట ఇంత అన్నం పెట్టుకుని, తల ఎత్తకుండా తినేది. మంచినీళ్ళ గ్లాసు దగ్గర మాత్రం మావయ్యకి మహా పట్టింపు. తన గ్లాసు అత్తని కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఆయన పోయాక అత్త తిండి మానేసింది.

మానేసిందంటే ఉపవాసం ఉందని కాదు. వేళకి విస్తరి ముందు కూర్చునేది, ఆకులోకి ఒకసారి చూసేది, లేచిపోయేది. టీ తాగేది, మజ్జిగ తాగేది. మనిషి కళ్ళ ముందే కరిగిపోయింది. జాకెట్టు భుజాల మీద నిలిచేది కాదు. ఆస్పత్రిలో అన్ని పరీక్షలూ చేశారు, ఏ రోగమూ లేదన్నారు. చివరికి డాక్టరు అత్త కూతురు లలితని బయటికి పిలిచి, ఒంట్లో ఇంక తియ్యడానికి ఏమీ మిగల్లేదని, ముద్ద దిగకపోతే ఎక్కువ కాలం ఉండదని చెప్పేశాడు. ఎక్కడికైనా తిప్పి తీసుకురండి, చోటు మారితే ఆకలి పుడుతుందేమో చూద్దాం అన్నాడు.

లలిత అభన్‌పూర్‌లో బడిపంతులమ్మ. ఆదివారమాదివారం బస్సులో వచ్చి తల్లి ముందు కూర్చుని బతిమాలేది. నాన్న మీద బెంగ అమ్మని తినేస్తోందని అందరితో చెప్పేది. మేమూ అదే అనుకున్నాం. అంతకంటే వేరే అనుకోవడానికి ఎవరికి మాత్రం తోస్తుంది?

కాశీ తీసుకెళ్దామని లలిత అంది. అత్త ఒప్పుకోలేదు.

"కాశీ వొద్దు, గయా వొద్దు. దేవుళ్ళు, పిండాలు ఏటీ లేని చోటికి తీసికెళ్ళండి నన్ను. దూరంగా. ఎంత దూరమైతే అంత దూరం."

మా సెక్షన్‌లో ఒకాయన అంతకుముందే కేరళ తిరిగొచ్చాడు. ఎర్నాకుళంలో ఒక ఏజెంటు అంబాసిడర్ కారూ డ్రైవరూ ఇచ్చి, టీ తోటల కొండలు, ఏనుగులుండే అడవి, ఆ తరువాత పడవలు తిరిగే ఉప్పుటేరులు, అన్నీ వరసగా చూపించి మళ్ళీ స్టేషన్లో దింపుతాడట. గుంపుతో పోయే బస్సు కాదు, మన కారు మనదే, ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాడట. సరే అనుకున్నాం. నేను, పద్మ, లలిత, అత్త. రైలుకి నా పాసు నాకుంది, అత్తకి భర్త పోయాక వచ్చిన పాసు ఆమె పేర వేరే ఉంది.

బయల్దేరే ముందు అత్త ఒక్కటే కోరింది. గోల్ బజార్‌లో అమ్మే మోదుగాకు విస్తళ్ళు, అక్కడి వాళ్ళు పత్తళ్ళంటారు, ఒక పెద్ద కట్ట కావాలంది. ఎవరూ తిననివి, కట్ట విప్పనివి.

"స్టీలు ప్లేట్లున్నాయి కదమ్మా, ఈ చెత్తంతా ఎందుకు మోయడం?" అని లలిత విసుక్కుంది.

"మోసీ బాధ నీకెందుకు? నా ఆకులు నేనే మోసుకుంటాను" అంది అత్త. రైలెక్కినంతసేపూ ఆ కట్టని ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది.

రైల్లో ఒక మంచి పని జరిగింది. విజయవాడలో ఇడ్లీ పొట్లాలు కొన్నాను. అత్త ఒక కొత్త ఆకు తీసి, ఇడ్లీ పెట్టుకుని, ఆకు వైపు చాలాసేపు చూసింది. తరువాత ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. ఇంకోటి. మొత్తం తినేసింది. లలిత బాత్రూమ్‌కి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది. మర్నాడు కూడా అత్త తింది. చోటు మారితే చాలన్న డాక్టరు దేవుడిలా కనిపించాడు మాకు.

ఎర్నాకుళంలో కారెక్కి మున్నార్ కొండలెక్కాం. డ్రైవరు పేరు రాజన్, అతనిది వచ్చీరాని హిందీ, మాకు మలయాళం బొత్తిగా రాదు. బయటి వంట అత్తకి సరిపడదని మేము కిరసనాయిలు స్టవ్వు, బియ్యం, పప్పు, ఆవకాయ వెంట తెచ్చుకున్నాం. లాడ్జి వెనక వరండాలో లలిత అన్నం, పప్పు, దొండకాయ వేపుడు చేసింది. ఎదురుగా కొండంతా టీ చెట్లు, దువ్వెనతో దువ్వినట్టు. మిట్ట మధ్యాహ్నం.

లలిత నలుగురికీ ఆకులు వేసి వడ్డించింది. అప్పుడే కింద లోయలోంచి మబ్బు లేచి వరండాలోకి వచ్చేసింది. అందరం అటు తిరిగి చూశాం. మళ్ళీ ఇటు తిరిగేసరికి అత్త తన ఆకు ముందు నుంచి చేతులు వెనక్కి లాక్కుని కూర్చుని ఉంది.

ఆ ఆకులో ఎవరో తిని లేచారు.

నేను చూసింది చూసినట్టు రాస్తాను. అన్నం మధ్యలో గుంట పడి ఉంది, అందులో పప్పు పిసికి పిసికి బురదలా ఉంది. వేళ్ళ చారలున్నాయి. నమిలి తీసేసిన దొండకాయ ముక్కలు, తడిగా, ఎడం పక్కన కుప్పగా ఉన్నాయి. అన్నం మీద గోధుమ రంగు చుక్కలు. వంగి వాసన చూశాను. ముక్కుపొడుం.

లలిత ఆకు వైపు చూసి, తిన్నగా నా వైపు తిరిగింది.

"బావా, మజాక్‌కి కూడా ఒక హద్దుంటది. అమ్మ అన్నమే దొరికిందేటి నీకు?"

"నేను కాదే లలితా. నీ మీద ఒట్టు, కసమ్."

"నీ కసమ్‌లు కాలనీలో కుక్కలు కూడా నమ్మవు. చెయ్యి చూపించు."

చెయ్యి చూపించాను. పద్మ ఇంకో అడుగు ముందుకేసి, భార్య కదా, నా వేళ్ళు పట్టుకుని వాసన చూసింది. ఏ వాసనా లేదని చెప్పాల్సి వచ్చినందుకు ఆవిడ మొహంలో కాస్త నిరాశే కనిపించింది.

 అత్త ఆ ఆకుని మడిచి టీ చెట్ల వైపు విసిరేసింది. ఆకలి లేదంది. రాత్రికీ తినలేదు. రైల్లో వెలిగిన మొహం ఆరిపోయింది. ఆ పూటంతా లలిత నాతో మాట్లాడలేదు. నా మీద నాకే అనుమానం వచ్చిందంటే నమ్మండి. ఇన్నేళ్ళు ఊళ్ళో వాళ్ళని ఆడించిన చెయ్యి కదా, నాకు తెలియకుండా ఏమైనా చేసిందా అని.

మర్నాడు తేక్కడి వెళ్ళాం, అడవి. చెరువులో లాంచీ ఎక్కించి ఏనుగుల్ని చూపించారు. అవి ఒడ్డున నిలబడి పేడ వేస్తుంటే జనం ఫొటోలు తీసుకున్నారు. దిగి నడుస్తుంటే నా పిక్కకి జలగ పట్టింది. ఉబ్బి, నల్లగా, వేలాడుతూ. నాకు రోత పుట్టలేదు. ముందు రోజు చూసినదాని ముందు జలగ నయం. కడుపు నిండితే తనంతట తాను ఊడి పడిపోతుంది.

మధ్యాహ్నం గెస్ట్‌హౌస్ వెనక మళ్ళీ స్టవ్వు వెలిగించారు. ఈసారి లలిత నన్ను విస్తళ్ళకి దూరంగా, గోడ వారన కూర్చోబెట్టి, రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకోమంది. బళ్ళో పిల్లలకి వేసే శిక్షే. పెట్టుకున్నాను. నిజానికి ఇది నా మేలుకే జరిగింది, ఎందుకంటే అక్కడి నుంచి అత్త ఆకు నాకు స్పష్టంగా కనిపించింది.

ఆ పూట వండినది అన్నం, పప్పు, అప్పడాలు. అంతే. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

లలిత వడ్డించి, తల్లి పక్కనే కూర్చుని ఆకు మీద నుంచి చూపు తియ్యలేదు. పద్మ ఇటు పక్క. పట్టపగలు, ఎండ ఆకు మీద పడుతోంది.

అన్నం కుప్ప నెమ్మదిగా లోపలికి దిగింది. ఎవరో అరచెయ్యి పెట్టి నొక్కితే దిగినట్టు. తరువాత పప్పు దాని మీదికి జరిగింది. రెండూ కలిసి కదలడం మొదలెట్టాయి, గుండ్రంగా, మెతుకులు నలిగిపోతూ. ఒక ముద్ద లేచింది అనలేను, లేవడం నేను చూడలేదు. ఇప్పుడున్న ముద్ద ఇంకో క్షణానికి లేదు. చప్పుడు మాత్రం విన్నాను. జుర్రుకునే చప్పుడు. పులుసు మోచేతి మీద నుంచి నాలుకతో అందుకునేవాడి చప్పుడు. మా ఇంటికి వచ్చిన ప్రతి పండక్కీ విన్నదే.

ఆకుకి ఎడం పక్కన ముళ్ళు పడ్డాయి. చేప ముళ్ళు. ఒకటి, మళ్ళీ ఒకటి, నమిలి పిప్పి చేసినవి, ఉమ్మితో తీగలు సాగుతూ. మేము చేప వండలేదు. రాయపూర్‌లో బయల్దేరిన దగ్గర్నుంచీ మాలో ఎవరూ చేప ముట్టలేదు.

పద్మ లేచి వెళ్ళి గోడ అవతల వాంతి చేసుకుంది. నేను నెత్తి మీద చేతులు తియ్యడం మరిచిపోయి అలాగే కూర్చున్నాను. 

అత్త మాత్రం మా ముగ్గురి మొహాలూ ఒకదాని తరువాత ఒకటి చూసింది.

"మీకూ కనపడిందేటి?"

లలిత తలూపింది. అది చాలు ఆమెకి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు. పెద్ద బరువేదో దించుకున్నట్టు ఊపిరి వదిలింది.

"పెద్దకర్మ అయిన మర్నాటి నుంచీ ఇదే. నాకొక్కదానికే కనపడతందనుకున్నాను. పిచ్చెక్కిందేమో, ఎవరికి చెప్తే ఏటంటారో అని నోరు మూసుకున్నాను. స్టీలు కంచం మార్చి చూశాను, అరిటాకు వేసి చూశాను. వడ్డించుకుని కూర్చోగానే వొచ్చీవాడు."

"అమ్మా, మరి నాన్న మీద బెంగతో తినలేదని..." అంది లలిత.

"బెంగేటే? పెళ్ళయిన కాడ్నుంచి ఆ ఉమ్ములో తిన్నాను. ఆయన పోయిన రోజున, పాపమైతే నాకే అంటుకోనీ, ఇవాల్టి నుంచి నా కంచంలో నేను తింటాననుకున్నాను. అంత దూరం నుంచి కూడా వినిపించిందేమో మహానుభావుడికి."

తరువాత నా వైపు తిరిగింది.

"రైల్లో రాలేదురా సన్నాసీ. చూశావు కదా. పాసు నా ఒక్కదాని పేరనే ఉంది, ఆయన జన్మలో టికెట్టు కొని రైలెక్కిన మనిషి కాడు. ఇంక వొదిలిపోయాడనుకున్నాను. కారుకి పాసక్కర్లేదు కదా, ఎక్కీశాడు."

 అత్తే కొంచెం నవ్వింది.

అప్పటి నుంచి లలిత నా మీద కోపం మానేసి ఉపాయాలు వెతకడం మొదలెట్టింది. మావయ్యకి ప్రత్యేకంగా ఒక ఆకు వేసి ముందు వడ్డిద్దాం, ఆయన తిని పోతాడు అంది పద్మ. వేశాం. ఆ ఆకు అలాగే ఉండిపోయింది, ఈగ తప్ప ఏదీ వాల్లేదు. పక్కనున్న అత్త ఆకు మాత్రం పిప్పి అయింది. నా ఆకు అత్త ముందుకి జరిపాం. జరిపినంత సేపు బాగానే ఉంది, అత్త చెయ్యి ముందుకి చాపేసరికి ఎంగిలైంది. చివరికి లలిత తన చేత్తో ముద్ద కలిపి తల్లి నోట్లో పెట్టింది. అత్త కళ్ళు మూసుకుని నమలబోయి, వెంటనే ఉమ్మేసింది. లలిత అరచేతిలో పడిన ఆ మెతుకులు నేను చూశాను. అవి అప్పటికే ఎవరో నమిలినవి.

ఆ తరువాత లలిత చేతులు ఎన్నిసార్లు కడుక్కుందో నాకు తెలీదు. స్టవ్వు దగ్గరికి వెళ్ళడం, మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళడం.

ఆయన వేరే ఆకులో తినడానికి రాలేదు. ఆకలికి రాలేదు. అత్త ఆకులో మొదటి ముద్ద తనది కావాలి, అంతే. ఈ మాట నాకు కొండ దిగుతుంటే కారులో తోచింది. పైకి అనలేదు. అప్పటికి అత్త వెనక సీట్లో లలిత ఒళ్ళో తల పెట్టి పడుకుని ఉంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. దారి పొడుగునా కొబ్బరిబోండాలు కొట్టించి తాగించాం. గ్లాసులూ బోండాల జోలికి ఆయన రాలేదు. కానీ బోండాలతో మనిషి ఎన్నాళ్ళు నిలుస్తుంది?

రాజన్‌కి మా ఆవకాయ నచ్చింది గాని మా వాలకం నచ్చలేదు. పప్పన్నం ముందు కూర్చుని వాంతులు చేసుకునే వాళ్ళని అతను అంతకుముందు చూసి ఉండడు. అలెప్పీలో పడవ రేవు దగ్గర దింపి, ముసలావిడకి సెలైన్ పెట్టించండి, దగ్గర్లో ఆస్పత్రి ఉంది, నేను కారు ఇక్కడే ఉంచుతాను అన్నాడు. లలిత సరే అంది. పడవ ఎక్కడం మానేసి ఆస్పత్రికే పోదామంది.

అత్త వినలేదు. "పడవెక్కుతాను. ఇంత దూరం వొచ్చి నీళ్ళు చూడకుండా సూదులు పొడిపించుకోమంటావేటే?" అంది. రేవులో మెట్లు దిగడానికి నేనూ పద్మా చెరో రెక్కా పట్టుకోవాల్సి వచ్చింది. ఆమె బరువు నా చేతికి తగల్లేదు.

అది ఒకప్పుడు వడ్లు మోసిన పెద్ద పడవ. పైన తాటాకు కప్పి, లోపల చాపలు వేసి, మనుషులు కూర్చోవడానికి అనువుగా చేశారు. నీళ్ళ మీద గుర్రపుడెక్క ఆకు, దాని మధ్య డీజిల్ తెట్టు, కుళ్ళిన కొబ్బరి పీచు వాసన.  వెనక భాగంలో పడవ వాళ్ళు వాళ్ళ కోసం వంట చేసుకుంటున్నారు. ఇనప పెనం మీద చేపలు వేగుతున్నాయి, వెడల్పుగా, మసాలా పట్టించినవి. కరిమీన్ అంటారట.

అత్త ఆ పెనం వైపు చాలాసేపు చూసింది. తన కట్టలోంచి ఒక కొత్త ఆకు తీసుకుని లేచి నిలబడింది. పడిపోతుందని లలిత చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. తాడు పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి నడిచింది.

వంటాయన్ని ఏమీ అడగలేదు. వంగి, పెనం మీద కాలుతున్న చేపని చేత్తో తీసింది. వంటాయన తన భాషలో ఏదో అంటూ గరిటె అడ్డం పెట్టబోయాడు. అత్త వినిపించుకోలేదు. నిలబడే, నూనె వేళ్ళ మీద కారుతుండగానే, కొరికేసింది.

ఈ పని ఎంతటిదో ఈ కాలం వాళ్ళకి తెలియకపోవచ్చు. పొయ్యి దగ్గర నిలబడి, మగవాళ్ళకి వడ్డించకముందే, వండిన పాత్రలోంచి తీసుకుని నోట్లో పెట్టుకోవడం. అత్త తరంలో అది దొంగతనం కంటే పెద్ద తప్పు. చేసిన కోడలిని పుట్టింటికి పంపించేసిన ఇళ్ళు మా వైపు ఉన్నాయి.

"అమ్మా, కాలుతుంది" అంది లలిత.

"వడ్డిస్తే కదే ఆయన నాకంటే ముందు కూర్చునీది" అంది అత్త, నోటి నిండా చేపతో. "ఇంకా ఎవరూ వడ్డించలేదు."

ఆ చేప ఆమె నోట్లో చేపగానే ఉంది. నములుతున్న కొద్దీ అత్త మొహం మారిపోవడం నేను చూశాను. ఎడం చేత్తో ఆకు పట్టుకునే ఉంది, కింద పెట్టలేదు. కుండలోంచి ఇంత అన్నం తీసి ఆకులో వేసుకుని, కొరికిన చేప దాని మీద పెట్టి, నలిపి, ముద్ద తింది. రెండో ముద్ద తింది. ముళ్ళు నమిలి నమిలి ఆకుకి ఎడం పక్కన ఉమ్మింది. అచ్చం మావయ్యలాగే. చూడలేక నేను నీళ్ళ వైపు తిరిగాను. మళ్ళీ ఆగలేక ఇటు తిరిగాను.

సగం తిని, ఆ ఎంగిలాకు తీసుకొచ్చి, చాప మీద తన ఎదురుగా ఖాళీగా ఉన్న చోట పెట్టింది. తను ఇటు పక్క కూర్చుంది.

"కూర్చోండి" అంది, ఎదురుగా ఉన్న ఖాళీతో. గొంతు పెంచలేదు. "ఇవాళ నేను ముందు తిన్నాను. మిగిలింది మీది. అలవాటు లేకపోతే చేసుకోండి, నేను చేసుకోలేదేటి?"

పద్మ నా చెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంది. అందరం ఆ ఆకునే చూస్తున్నాం. పడవ ఆగి ఉంది, గాలి లేదు, గుర్రపుడెక్క పువ్వు కూడా కదలడం లేదు. కొంతసేపు ఏమీ జరగలేదు. మెతుకు దిగలేదు, ముద్ద తగ్గలేదు.

ఆ తరువాత ఆకు జరిగింది. జానెడు దూరం, చాప మీద రాసుకుంటూ, అత్త వైపుకి. అన్నం ముందు నుంచి ఎవరో విసుగ్గా తోసేసి లేచినట్టు. దాని వెంటే ముక్కుపొడుం వాసన గుప్పున కొట్టింది, నాకు తుమ్ము వచ్చేంతగా. అంతే. వాసన పోయింది.

"అలిగాడు" అంది అత్త. "అలగనీ."

ఆకు తీసి నీళ్ళలో పారేసింది. బాతులు వచ్చి మెతుకులు ఏరుకున్నాయి. అప్పుడు ఇంకో కొత్త ఆకు వేసుకుని లలితని వడ్డించమంది. లలిత వంటాయన దగ్గర అన్నం, చేప అడిగి తెచ్చి వడ్డించింది. అత్త ఆకులోకి చూసింది. మేమూ చూశాం. తెల్లటి అన్నం, దాని మీద ఒక చేప, ఎవరూ ముట్టనివి. అత్త కూర్చుని, తొందర లేకుండా, మొత్తం తింది. మళ్ళీ అడిగింది. వంటాయన తన వాటా చేప కూడా ఇచ్చేశాడు.

లలితకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. పక్కన చేరి, చిన్నపిల్లలా తల్లి ఆకులోంచి ఒక ముద్ద తీసుకోబోయింది. అత్త ఎడం చేత్తో ఆమె వేళ్ళ మీద ఒక్కటి వేసింది.

"నా ఎంగిలి నీకెందుకే? నీకు వేరే ఆకు లేదేటి?"

లలిత ఆకు వేసుకుని కూర్చుంది.

అత్త ఆ తరువాత చాలా ఏళ్ళు బతికింది. రాయపూర్‌లో తన వంటింట్లో, తన వంట, అందరికంటే ముందు తనే తినేది. ఆమె ఆకులో మళ్ళీ ఎవరూ చెయ్యి పెట్టలేదు. దీనికి అర్థం చెప్పమని నేను అడగని మనిషి లేడు. బెంగ వల్ల మాకు భ్రమ కలిగిందని ఒక డాక్టరు అన్నాడు. నలుగురికీ ఒకే భ్రమ ఎలా కలిగిందంటే టాపిక్ మార్చాడు. చేప లేని చోట చేప ముళ్ళు ఎక్కడివన్న దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

నా సంగతి తెలిసినవాళ్ళు ఇందులో నేను ఎంత కలిపానని అడుగుతారు. ఏమీ కలపలేదు. తీసేసింది మాత్రం కొంత ఉంది. ఆ ఆకుల్లో చూసినవన్నీ రాస్తే, ఇది చదివిన పూట మీకు అన్నం దిగదు.